కుంటి బావ

లిఫ్టు నెమ్మదిగా పైకి పోతోంది. జాలీ తలుపులోంచి ఎండ చారలు ఇద్దరి మీదుగా జారిపోతున్నాయి. ఒకాయన లిఫ్టు నడిపేవాడు, రెండో ఆయన చేతికర్రతో ఉన్న గుమాస్తా.

"నిన్ను కుంటి బావా అంటున్నానని పైవాళ్లు నా మీద ఫిర్యాదు రాశారట. నువ్వు సంతకం పెడితే నా ఉద్యోగం పోతుందట."

"కాగితం నా జేబులోనే ఉంది."

"అందులో నిన్నేమన్నారు?"

"దివ్యాంగుడన్నారు. రాసినాయన నాకెప్పుడూ కుర్చీ చూపించిన పాపాన పోలేదు. నువ్వు ఇరవై ఏళ్లుగా నాకోసం లిఫ్టు ఆపుతున్నావు. సంతకం పెట్టను."

"అదీ మా కుంటి బావంటే."

"అలాగని ఆ మాట తియ్యగా ఉందనుకోకు."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"నువ్వు నవ్వుతూ అనేవాడివి. నేనూ నవ్వేవాణ్ణి. సీట్లో కూర్చున్నాక నవ్వు ఉండేది కాదు."

జాలీ తలుపు అవతల గుమాస్తా దిగాల్సిన అంతస్తు కిందికి జారిపోయింది.

"నీ అంతస్తు దాటించేశాను, బావా."

"పోనీలే. పైదాకా పోదాం."