ప్రింటు పడని మిషన్

నరసరావుపేటలో ప్రభావతి ఇంటి వసారా. బల్ల మీద, ఎన్నడూ అమ్మకానికి రాని లెక్కల మిషన్. ఎదురుగా గోపీచంద్, చనిపోయిన ఆమె భర్త మస్తాన్‌రావుతో కలిసి ఒకప్పుడు దాన్ని తయారుచేసినవాడు.

"చెయ్యి తియ్యి. కాఫీ తాగు, మిషన్ని మాత్రం ముట్టుకోమాక."

"వదినా, బెంగళూరు మ్యూజియం వాళ్ళు రేపే వస్తన్నారు. ఇట్టాంటిది దేశంలో ఇంకోటి లేదంట."

"ఎట్టా ఉంటది? ఒక్కటేగా చేసింది. మీ అన్న ఈ బల్ల మీదే తీగలు అతికేవాడు. పత్తి తూకం, ధర కొట్టి మీట నొక్కితే చాలు, తరుగూ కమీషనూ అదే తీసేసి కాయితం మీద అచ్చేసేది. దాని పక్కన ఎవరి పేరు రాస్తారు?"

"ఏదో ఒకటి రాస్తారు."

"ఏదో ఒకటంటే ఎవరిది?"

"నాది రాయమన్నా. వదినా, విను..."

"వింటన్నా."

"ఆ రోజు పత్తి మార్కెట్ యార్డులో ఆడించి చూపిస్తే, వ్యాపారులందరి ముందూ కాయితం తెల్లగా బయటికొచ్చింది. ఒక్క అంకె లేదు. అంత నవ్వులపాలైనోడి పేరు పెడితే..."

"నాకు గుర్తు చెయ్యాలా? జిన్నింగ్ మిల్లు షావుకారు ఆ కాయితంతో మూతి తుడుచుకున్నాడు. మీ అన్న స్నానం చేసొచ్చేలోపు మిషన్ని యార్డుకి మోసుకుపోయింది నువ్వు. ఆయన అక్కడ మూత విప్పబోతే, 'ఇంకా పరువు పోద్ది అన్నా, వద్దు' అని చెయ్యి పట్టుకుంది నువ్వు. ఆ నెల్లోనే వేరే కంపెనీ మిషన్లకి ఏజెన్సీ తెచ్చుకుందీ నువ్వే. ఆయన మళ్ళీ టార్చిలైటు కూడా విప్పలా."

"నేనేం చెయ్యను? ప్రింటు హెడ్డు కాలిపోయింది. అన్న డిజైను తప్పు. ఆ రోజే చెప్పా."

"చెప్పావు. ఆయన పెద్దకర్మ భోజనాల కాడ కూడా చెప్పావు, పప్పు వడ్డించుకుంటా."

"ఇప్పుడవన్నీ ఎందుకు? ఇచ్చెయ్ వదినా."

"కాలిపోయిందాన్ని వాళ్ళేం చేసుకుంటారు? బాజీ పాత సామాన్ల బండి వీధిలోనే ఉంది. ఒరేయ్ బాజీ, ఇట్టా రా. ఇనుముంది, తీసుకుపో."

"ఆగు వదినా. ఆడించి చూపిస్తేనే తీసుకుంటామన్నారు."

"కాలిపోయింది ఎట్టా ఆడుద్ది? బాజీ, సుత్తి తెచ్చుకోరా, పగలగొట్టుకుపోదువు."

"వద్దు, వద్దు. ఆడుద్ది."

"ఆడదు."

"ఆడుద్ది వదినా, నా మాట విను. హెడ్డుకేం కాలా. లోపల కాయితం చుట్ట తిరగేసి ఉంది, అంతే. ఆ కాయితానికి వేడి తగిలితే నల్లబడే మందు ఒక పక్కే ఉంటది. తిప్పి పెడితే అంకెలు పడతాయి."

"అంతేనా?"

"అంతే."

"యార్డు నుంచి వచ్చిన పొద్దు మీ అన్న మూతకేసిన టేపు ఇదిగో, ఇంకా ఊడలా. ఆయన పోయేదాకా విప్పలా, నేనూ విప్పలా. లోపల చుట్ట ఎటు తిరిగుందో నీకెట్టా తెలుసు గోపీ?"