కూలని పైకప్పు

నగర రక్షణ శాఖ అధికారి ఎదుట, కాలంలో వెనక్కి ఎగరగల వీరుడు కేప్ మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏడాదిగా ఊళ్ళో ఒక్క ప్రమాదమూ లేదు. ఇంక మీ ఉద్యోగం దేనికండీ?"

"జరిగిన ప్రతిదాన్నీ వెనక్కెళ్ళి ఆపాను సార్. అందుకే లేవు."

"ఎలా నమ్మేది? ఫొటోలున్నాయా?"

"ఆపగానే ఫొటోలూ మాయమైపోతాయి సార్."

"సరే, చివరగా ఏది ఆపారు?"

"నిన్న ఈ గది పైకప్పు కూలింది. ఇవాళ పొద్దున మొన్నటికి వెళ్ళి దూలం బాగుచేసి వచ్చాను."

"నిక్షేపంగా ఉందే! ఓ పని చేయండి. మళ్ళీ వెళ్ళి కూలనివ్వండి. ఫొటో తీశాక ఆపుదురుగాని."

"అలాగే సార్. ఫొటోలో మీ కాళ్ళు మాత్రమే కనిపిస్తాయి, ఫరవాలేదా?"

అధికారి పైకి చూసి, కుర్చీని మెల్లిగా గుమ్మం వైపు జరుపుకున్నాడు.

"మిమ్మల్ని పర్మనెంట్ చేసేస్తున్నానండీ. సంతకం ఎక్కడ పెట్టమంటారు?"