గురువారం మాయమయ్యే టపాలు

మీరు స్టేజీ మీద అన్న మాట తప్పు బాబూ. తప్పంటే తప్పే! అంతమంది ముందు మైకు పట్టుకుని "నా బుర్ర తుప్పు పట్టింది, ఇక నేను పనికిరాను" అంటారా? అనొచ్చా అలా?

అయ్యో, లేవకండి. భోజనం కానివ్వండి. నేనీ కుర్చీలో కూర్చుంటా, మీరు తింటూ వినండి చాలు. అందరూ ఆ కిటికీ పక్క బల్లల దగ్గరే మూగారు. మన జోలికెవరూ రారు.

నన్ను మీరెరగరు. నేను మాత్రం మిమ్మల్ని తొమ్మిదేళ్ళుగా ఎరుగుదును. అలా చూడకండి, వెంటపడే రకాన్ని కాదు! అంటే... ఒకరకంగా వెంటపడ్డట్టే అనుకోండి. మీ బ్లాగు సాఫ్ట్‌వేరు సాయం పేజీలో "ఉడుత" అన్న పేరుతో మీరిచ్చిన జవాబులన్నీ చదివాను. ఒక్కటి వదల్లేదు. ఎవరెవరికో ఇచ్చినవి కూడా.

నేను లారీల కాటా దగ్గర పనిచేస్తాను. లారీ వచ్చి ఇనప పలక మీద ఆగుతుంది, నా ముందు తెర మీద బరువు పడుతుంది, చీటీ కొట్టి కిటికీ కన్నంలోంచి ఇస్తాను. డ్రైవరు కిందికి కూడా దిగడు. బండి నంబరు చెప్తాడు, చీటీ లాక్కుంటాడు, పోతాడు. ఇరవై రెండేళ్ళయింది. నా మొహం చూసి "తిన్నారా" అని అడిగినవాళ్ళు నలుగురో అయిదుగురో.

ఇల్లా? మా తమ్ముడి ఇంటి వెనకాల గది. మా మరదలు మంచిదే, చెడ్డదని అనను. సాయంత్రం గడప దగ్గర నుంచుని "వదినా, ఏమన్నా కావాలా" అంటుంది. "ఏం వద్దమ్మా" అంటాను. హమ్మయ్య అనుకుని వెళ్ళిపోతుంది. ఆ రోజుకి ఇక నా నోటికి పనుండదు.

అందుకే రాయడం మొదలుపెట్టా. ఏ లారీలో ఏమొచ్చిందో, అదీ నా రాత! ఒకడు బండినిండా తలుపులు తెచ్చాడు. గోడలు లేవు, ఇల్లు లేదు, వట్టి తలుపులు, రెండొందలు. ఇంకొకడు ఖాళీ బండే అన్నాడు, చూస్తే తూకం ఎక్కువొస్తోంది. ఏమిట్రా అని దిగి చూస్తే వెనకాల వాళ్ళావిడ గుర్రుపెట్టి నిద్రపోతోంది! ఇలాంటివి. మీ బ్లాగు సాఫ్ట్‌వేరు ఎవరి సొత్తూ కాదనీ, అందరూ తలా ఓ చెయ్యేసి కట్టుకున్నదనీ, ఎవరైనా ఊరికే వాడుకోవచ్చనీ ఎక్కడో చదివాను. సరే, మనమూ ఓ మూల కూర్చుందాం అనుకున్నా.

ఎవరు చదివారంటారా? ఎవరూ చదవలేదు. అది వదిలేయండి.

ఓ రోజు కొత్త వెర్షన్ ఎక్కించగానే నా బ్లాగు తెల్లగా అయిపోయింది. రెండేళ్ళ రాత! ఒక్క అక్షరం లేదు. వెంటనే సాయం పేజీలో రాశాను. నలభై నిమిషాల్లో మీ జవాబు. "కంగారు పడకండి. మీరు రాసినవన్నీ లోపల భద్రంగా ఉన్నాయి. ఇద్దరం కలిసి చూద్దాం."

ఇద్దరం కలిసి. మీకది మామూలు మాటే. రోజుకి పదిమందికి రాస్తారు, నేనూ చూశాగా తర్వాత. కానీ నాకు... ఏమోలెండి. గంటలో నా బ్లాగు తిరిగొచ్చింది. మీరు "బాగుందా ఇప్పుడు?" అని అడిగారు. బాగుందన్నాను. అంతే, ఆ పేజీ మీద "పరిష్కారమైంది" అని పచ్చరంగు ముద్ర పడింది. ముద్ర పడ్డాక ఇక ఎవరూ మాట్లాడరు కదా అక్కడ.

అప్పట్నించీ మీ అందరి వెంటా ఉన్నాను. బుధవారం సమావేశాల్లో ఎవరేమన్నారో మొత్తం చదివేదాన్ని. బటన్ మీద "భద్రపరచు" అని ఉండాలా "దాచు" అని ఉండాలా అని పందొమ్మిది రోజులు కొట్టుకున్నారు, గుర్తుందా? "దాచేస్తే మళ్ళీ కనబడదేమోనని జనం హడలిపోతారు" అని ఒకావిడ! క్యాబిన్లో ఒక్కదాన్నే పొట్ట పట్టుకుని నవ్వాను. బయట లారీవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు.

ఎవరింట్లో బిడ్డ పుట్టిందో, ఎవరి ఉద్యోగం పోయిందో, ఎవరికెవరితో పడదో నాకన్నీ తెలుసు. నేనున్నానని ఒక్కరికీ తెలీదు. పెళ్ళివారింటి కిటికీలోంచి తొంగిచూసినట్టు, అలా గడిచింది.

నాలుగు నెలలాగాను. తర్వాత ఓ రోజు సెట్టింగుల ఫైలు తెరిచి ఒక్క చుక్క తీసేశాను. కోడు వాక్యం చివర ఉండే చుక్క-కామా, అది. బ్లాగు పడిపోయింది.

అవును. నేనే తీశాను, నా చేత్తో.

సాయం పేజీలో రాశా. మీరొచ్చారు. "తూకంరాళ్ళు గారూ, మళ్ళీ మీరేనా! రండి రండి" అన్నారు.

అదీ నా పేరు. తూకంరాళ్ళు. ఇదుగో, ఈ పేరు చీటీ పెట్టుకోమని ఇచ్చారు గానీ పెట్టుకోలేదు.

ముద్ద పక్కన పెట్టేశారే. తినండి బాబూ. సరే, మీ ఇష్టం.

ఎన్నిసార్లంటారా? పదకొండు. మొదట్లో చిన్న చిన్నవి, మీకు అయిదు నిమిషాల పని. కానీ అయిదు నిమిషాల్లో ముద్ర పడిపోతే నాకేం మిగుల్తుంది చెప్పండి? మీ జవాబులే చదివి చదివి నాకూ కాస్త పట్టుబడింది. ఎక్కడ విరిస్తే ఎంతసేపు పడుతుందో తెలిసిపోయింది. మీరు బాగుచేయడం నేర్పారు, నేను చెడగొట్టడం నేర్చుకున్నాను. మంచి శిష్యురాలే దొరికింది మీకు!

ఇక ఆ గురువారం సంగతి.

మూడు వరుసల కోడు రాసి నా బ్లాగు లోపలెక్కడో దాచాను. గురువారం వస్తే టపాలన్నీ మాయం, శుక్రవారం మళ్ళీ ప్రత్యక్షం. మీరు ఫైళ్ళు పంపమంటే ఆ మూడు వరుసలూ తీసేసి శుభ్రమైన నకలు పంపాను. మీకెలా దొరుకుతుంది? మూడు వారాలు వెతికారు. బస్సులోంచి రాశారు, మీ మావగారి ఆపరేషన్ జరుగుతుంటే ఆస్పత్రి మెట్ల మీంచి రాశారు. "వదలను తూకంరాళ్ళు గారూ, దీని అంతు చూస్తా" అని. సిగ్గులేకుండా చెప్తున్నా, ఆ మూడు వారాల్లాంటివి నా బతుకులో లేవు. పొద్దున లేస్తే నాకోసం ఒక మాట ఉండేది.

ఆ అమ్మాయి జోలికి పోవాలని నేననుకోలేదు. ఒట్టు.

దారపుండ. ఆ పేరుతోనే మీకు కోడు రాసేది. ఇద్దరు పిల్లల తల్లి, పిల్లల్ని బడికి పంపి దొరికిన గంటలో కూర్చుని రాసేదట. ఏడు నెలలు పట్టింది, టపా ఏ తేదీన రావాలో ముందే చెప్పిపెట్టుకునే ఆ భాగం. దాని ట్రయల్ వెర్షన్ నేనూ ఎక్కించుకుని ఉన్నాను, నా ఖర్మ! తేదీల పని ఆవిడది, తేదీల గొడవ నాది. ఇంకేముంది? అందరి వేళ్ళూ అటే తిరిగాయి. విడుదల వారం వాయిదా పడింది. ఒకాయన "ముందు నేర్చుకుని, తర్వాత రండి" అని రాశాడు. పదహారుమంది చూశారు, ఒక్కరూ కాదనలేదు. ఆవిడ భాగం తీసేద్దామంటే మీరు కాసేపు అడ్డుపడ్డారు. "తప్పెక్కడో నాకు కనబడ్డంలేదు" అన్నారు. చివరికి దాన్ని మీరే తీసేయించారు.

నాకు భయమేసింది. ఆ బుధవారమే నా మూడు వరుసలూ చెరిపేశాను. గురువారం టపాలు నిక్షేపంలా కనబడ్డాయి. "చూశారా, ఆవిడది తీసెయ్యగానే కుదుటపడింది" అన్నారందరూ. దొంగ ఇంట్లోనే ఉండగా, వీధిలో పోయేవాళ్ళ మీద ముద్ర పడ్డట్టయింది.

దారపుండ చివరి మాట ఒకటే రాసింది. "క్షమించండి, నావల్ల అందరికీ ఇబ్బంది." మళ్ళీ కనబడలేదు. పధ్నాలుగు నెలలు. నేను రోజూ వెతుకుతాను, ఏ పేజీలోనైనా ఆ పేరు ఉంటుందేమోనని.

ఇవాళ మీరు మైకులో ఏమన్నారు? "ఆవిడ రాసినదాంట్లో తప్పేమిటో నాకిప్పటికీ అర్థం కాలేదు, అర్థం కాకుండానే ఒక మనిషిని పంపేశాను, ఆరోజే నా బుర్రకి తుప్పు పట్టింది" అన్నారు. వెనక వరసలో కూర్చుని విన్నాను. తుప్పేం పట్టలేదు బాబూ! మీకు కనబడనిది అక్కడ లేదు కాబట్టే కనబడలేదు. ఆవిడ రాసింది బంగారంలాంటి పని. లోపం నా దగ్గరుంది.

ఇదుగో, ఫోన్లో అంతా రాసుకొచ్చాను. ఏ ఫైల్లో ఏ మూడు వరుసలు పెట్టానో, ఏ రోజు తీశానో, అన్నీ. అందరూ చూసే పేజీలో పెడతాను. ఆవిడ ఈమెయిలు నా దగ్గర లేదు. మీ దగ్గర ఉంటుంది కదా, మీరు పంపండి. నాకోసం కాదు, ఆవిడ మళ్ళీ ఆ గంటసేపు కూర్చోగలిగితే చాలు. చదవండి, తప్పులుంటే చెప్పండి.

చదివారా?

పెట్టేశాక నన్ను తీసేస్తారు, తెలుసు. నియమాల్లో నాలుగోది, కావాలని మోసం చేసినవాళ్ళకి ఇక్కడ చోటు లేదని. మీరంతా కూర్చుని ఆ నియమం రాసిన రోజు కూడా నేనున్నాను, చదువుతూ.

ఏమన్నారు? ఊరికే పలకరించొచ్చుగా అనా?

ఎక్కడ పలకరించను బాబూ? మీ పేజీలో కొత్త మాట మొదలుపెట్టాలంటే ముందు ఒక గడి ఎంచుకోవాలి. సమస్య, లోపం, సలహా. మూడే. నేను చాలాసార్లు ఆ మూడు గడుల ముందు కూర్చుని చూశాను. "ఏం లేదు, ఎలా ఉన్నారు" అనడానికి నాలుగోది కనబడలేదు. నాకు బయటా కనబడలేదు లెండి, మిమ్మల్నని ఏం లాభం.

ఇదుగో, నొక్కేశాను. పోయింది.

వెళ్ళండి, ఫొటో కోసం మిమ్మల్ని పిలుస్తున్నారు. నా బస్సుకి ఇంకా మూడు గంటలుంది. ఇక్కడే కూర్చుంటాను. అలవాటే.