శనివారం లేని సభ్యత్వం

వంటింటి బల్ల మీద గోల్ఫ్ క్లబ్బు దరఖాస్తు. భర్త చేతిలో పెన్ను, భార్య చేతిలో క్యారెట్లు తరిగే చాకు.

“రెండు రకాలున్నాయోయ్. వారం మొత్తానికి ఒకటి, శనాదివారాలు లేనిది ఒకటి. సభ్యత్వం తీసుకుంటే కాస్త సభ్యతైనా వస్తుందని నా ఆశ.”

“వారం మొత్తానిదే తీసుకోండి. శనివారం పొద్దున్నే వెళ్ళిపోవచ్చు.”

“శనివారమా? మరి అమ్మాయి కాలేజీ హాకీ మ్యాచ్‌ల మాటేంటి? మూడేళ్ళలో ఒక్కటీ మానలేదు నేను!”

“తెలుసు. మైదానం మొత్తానికీ తెలుసు.”

“అంటే?”

“పోయిన వారం ‘ఎడమకి కొట్టు’ అని అరిచారు. చిన్నప్పుడు పెరట్లో ఆట నేర్పింది మీరేగా, మీ గొంతు వింటే దాని చెయ్యి ఆగదు. కొట్టేసింది. అక్కడున్నది అవతలి జట్టు పిల్ల, అందుకుని మనకే గోల్ వేసింది.”

“ఆ గోల్ నా వల్లా?”

“మీ కేకల్లో కెప్టెన్ మాట వినపడట్లేదట. మీతో చెప్పలేక అమ్మాయి నాతో చెప్పింది. ఆ కాగితం తెచ్చింది కూడా అదే.”

“గోల్ఫ్‌లో సగం గోలే కదా, నాన్నకి నప్పుతుందనా?”

“కాదు. అక్కడ ఒకరు బంతి కొడుతుంటే పక్కవాళ్ళు కిక్కురుమనకూడదట.”

ఆయన పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీశాడు.

“కోపమొచ్చిందా అండీ?”

“లేదు. శనాదివారాలు లేనిదానికి టిక్కు పెడుతున్నా.”

“మళ్ళీ మొదటికొచ్చారూ!”

“ఐదు రోజులు అక్కడ నోరు మూసుకోవడం నేర్చుకుంటా. శనివారం నీ పక్కన కూర్చుంటా. కిక్కురుమంటే లాక్కెళ్ళి కార్లో పడెయ్. అమ్మాయికి ఆ మాట చెప్పు.”

“మీరే చెప్పండి. మెల్లగా.”