మేరీ టీచరు మెచ్చిన బోరు నీళ్లు

ఏమప్పా కొత్త సారూ, పెన్సిళ్లను రెండు పక్కలా చెక్కుతాండావు? నీళ్లలో పెట్టి కరెంటిచ్చేదానికేనా? చూస్తానే అనుకుంటి. మా మేరీ టీచరు కూడా ఇట్లే చెక్కుతాండె. కూచో, కాపీ తాగి పోదువు. ఆయమ్మది పెనుకొండ. దినామూ బస్సులో చిలమత్తూరు దాకా వచ్చి, ఆణ్నుంచి ఆటోలో మా ఊరికి. ఎండకు మొగం కందిపోయినా నగుతానే దిగుతాండె. ఇప్పుడు లేదులేప్పా, కరోనాలో పాయ. ఏం చెప్తాంటి? ఆ, పెన్సిళ్లు. ఆ యేడు ఎవరో ఆఫీసరు వస్తాడనిరి. పిల్లోళ్లు తక్కువుండారు, తొమ్మిది, పది తరగతులు ఎత్తేయాల్నా వద్దా అని చూసి పోతాడంట. ఎత్తేస్తే నా మనవరాలు స్వాతి చదువు ఆడికి సరి. వాళ్ల నాయన అప్పుడే, "బెంగళూరులో బట్టల ఫ్యాక్టరీలో చేరుస్తా" అంటాండె. నాకు బువ్వ సహించలే. టీచరేమో, "ఏం కాదు పెద్దాయనా, నీళ్లలోనుంచి గ్యాసు తీసి చూపిస్తాం. స్వాతే చేస్తుంది" అనె.

వచ్చినాడు ఆఫీసరు. ఒక ప్లాస్టిక్ గ్లాసు, దాని అడుగున గుచ్చిన రెండు పెన్సిళ్లు, వాటిమీద బోర్లించిన గాజు గొట్టాలు, చిన్న బ్యాటరీ. అంతే సామాను. స్వాతి బిందెలో నీళ్లు ముంచి గ్లాసులో పోసి, వైర్లు తగిలించె. ఒక్క బుడగ రాలేదప్పా! ఆయప్ప గడియారం చూసుకుంటాండాడు. టీచరు మాత్రం కసరలే. "బిందెలో నీళ్లు రుచి చూడు పాపా" అనె. స్వాతి ఒక గుక్క తాగి, "తియ్యగుండాయి టీచర్, ఇవి మన నీళ్లు కాదు" అనె. ఏమాయనంటే, మా సర్పంచు తిరుపాల్, పెద్దసారు ముందర ఉప్పునీళ్లేంటికని మర్యాదకు బిందెలో క్యాన్ నీళ్లు పోయించినాడు!

ఇంగ టీచరు నగింది చూడు! "సార్, వీటిలో ఉప్పులన్నీ తీసేసినారు, కరెంటు సరిగా పారదు. మా ఊరి బోరు నీళ్లయితే పారుతుంది" అనె. ఆ నీళ్లలో పప్పు ఉడకదప్పా, మా కోడలు దినామూ తిట్టుకుంటాది. వాటిని మెచ్చుకున్న మనిషిని ఆయమ్మనొక్కదాన్నే చూసినా నేను. బోరు నీళ్లు పోస్తానే బుడగలు లేసె. కాసేపటికి ఒక గొట్టంలో గ్యాసు ఇంకోదానికి రెండింతలు నిండె. "ఇది హైడ్రోజన్ సార్" అని స్వాతి అగ్గిపుల్ల గీసి గొట్టం మూతికి చూపిచ్చె, టప్! ఆఫీసరు ఎనక్కి దుమికె. పిల్లోళ్లు ఒకటే నగు. ఆయప్పా నగి, "ఇంగోసారి చెయ్ పాపా" అనె.

తరగతులు నిలిచె. స్వాతి ఇప్పుడు హిందూపురంలో నర్సు. బంగారట్లా మనిషప్పా మేరీ టీచరు. ఆయమ్మ పోయినంక ఆ 'టప్' సప్పుడు మళ్లా ఇన్లే నేను...

నీ బాటిల్లో యా నీళ్లు? క్యానువా? పారబొయ్యి, పారబొయ్యి. కరెంటొచ్చింది, బోరేస్తా. చెంబు తీసుకరా.