మూడు ఎర్ర గుర్తులు, ఒక దారపు ముడి

…అయితే ఆ మూడు ఎర్ర గుర్తులను గోడ మీద అలాగే వదిలి ఎలా వెళ్ళడం? 1991 అక్టోబరు 21న పెనుకొండలో జూనియర్ కళాశాల జంతుశాస్త్ర అధ్యాపకురాలిగా చేరిన నాటి నుంచి ఏ సందేహాన్నీ తీర్చుకోకుండా తరగతి గదిలో అడుగుపెట్టి ఎరుగని శ్రీమతి సుగుణమ్మ గారు, ఈ జూన్ 30న పదవీ విరమణ చేయనున్న తరుణంలో, నెల రోజులుగా ఈ ఒక్క ప్రశ్ననే పెనుకొండకూ హిందూపురానికీ మధ్య రైలులో మోసుకు తిరిగారు.

పెనుకొండలో గడిచిన పన్నెండేళ్ళూ వారి పాఠాలకు బొమ్మలు గీసిపెట్టినది వారి భర్త, ఉన్నత పాఠశాల డ్రాయింగు మాస్టారు హనుమంతరాయుడు గారు. కప్ప గుండె అయినా, బొద్దింక నోరు అయినా, సుగుణమ్మ గారు కాగితం మీద ముక్కలు ముక్కలుగా వేసి ఇచ్చినదాన్ని ఆయన అట్ట మీద ప్రాణమున్నట్టు నిలబెట్టేవారు. ఆమె చెప్పినదానికి ఆయన ఎన్నడూ ఎదురు ప్రశ్న వేయలేదు. ఆ నమ్మకం ఎంత బరువైనదో అప్పట్లో ఆమెకు తెలియదు.

2003లో డిగ్రీ కళాశాల అధ్యాపకురాలిగా ధర్మవరం వెళ్ళారు. కణశాస్త్రంలో పిల్లలను తికమకపెట్టే పాఠం ఒకటుంది. కణంలో తయారయ్యే కొన్ని ప్రోటీన్లు అంతర్జీవద్రవ్య జాలం అనే భాగపు పలుచని పొర (త్వచం)లో, గుడ్డలో దిగిన దారంలా, సగం ఇవతల సగం అవతల ఉండిపోతాయి. ఏ కొన జాలం లోపలికి పోవాలో, ఏ కొన వెలుపల కణద్రవ్యంలో ఆగాలో నిర్ణయించేది ఆ ప్రోటీనులోనే ఉన్న చిన్న సంకేత శ్రేణి, దాని పక్కనుండే ధనావేశపు అమైనో ఆమ్లాలు. ఆ ధనావేశాలు సాధారణంగా కణద్రవ్యం వైపే ఆగిపోతాయి. అద్దె ఇంటి యజమానురాలు పట్టుచీరకు ఫాల్ కుడుతుండగా చూసిన సుగుణమ్మ గారు మరునాడే సూది, దారం, గుడ్డ ముక్కతో తరగతికి వెళ్ళారు. ముడి వేసిన కొన ఇవతలే నిలిచింది; మిగిలిన దారం అవతలికి పోయింది. ధనావేశం అంటే ఆ ముడి. తరువాత ఏ బ్యాచీకీ ఆ పాఠం కష్టం కాలేదు.

2013లో హిందూపురంలోని మన కళాశాలకు వచ్చారు; పెనుకొండ ఇంటి నుంచి రోజూ రైలులోనే రాకపోకలు. మరుసటి వేసవిలో ప్రయోగశాల గోడ మీద ఈ త్వచాన్ని, ధనావేశాలను ఎర్ర ప్లస్ గుర్తులతో చూపుతూ, రెండు బొమ్మలుగా పెద్దగా వేయించాలని తలచినప్పుడు హనుమంతరాయుడు గారు పదకొండు రోజులు నిచ్చెన మీద నిలబడి వేశారు. అదే ఆయన చివరి బొమ్మ. 2015 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశారు.

రెండేళ్ళ తరువాత, సూదీ దారం పాఠం ముగిశాక, చెన్నేకొత్తపల్లి నుంచి వచ్చే ధరణి అనే విద్యార్థిని లేచి నిలబడింది.

"మేడమ్, ముడి పోదంటిరి కదా. ఆ గోడమింద రెండో బొమ్మలో మూడు ప్లస్సులూ లోపలికి పోయినాయి. ఎట్లా పోతాయి?"

"బొమ్మ సరిగ్గానే ఉండాది. కూచో."

ఆ పిల్ల కూర్చుంది. ఇరవై ఆరేళ్ళలో ఒక విద్యార్థి ప్రశ్నను పుస్తకం తెరవకుండా తోసివేయడం అదే మొదటిసారని సుగుణమ్మ గారికి ఇంటికి వెళ్ళే రైలులో స్ఫురించింది. తాను కాపాడినది పాఠాన్ని కాదు, నిచ్చెన మీద నిలబడిన మనిషిని. ఇంటికి చేరి, ఆ బొమ్మ కోసం తాను భర్తకు ఇచ్చిన పాత కాగితం వెతికి తీశారు. ప్రోటీను రెండు కొనల పేర్లూ, వాటితో పాటు ప్లస్సులూ తారుమారుగా రాసినది ఆమె చేయే. మరునాడు తరగతిలో, "ధరణీ, నువ్వే కరెక్టు. తప్పు నాది, బొమ్మది కాదు. నిన్న నిన్ను కూచోబెట్టింది ఇంకా పెద్ద తప్పు" అన్నారు. నాటి నుంచి ప్రతి బ్యాచీకీ ఆ గోడ ముందు నిలబడి ఇదే చెప్పారు. చెప్పగలిగారు గానీ, దిద్దలేకపోయారు. ఆ గోడను తాకిన ప్రతిసారీ రంగు ఇంకా ఆరలేదేమో అనిపించేది వారికి.

ఇక జూలై నుంచి చెప్పేవారెవరు? గోడ మాత్రం చెబుతూనే ఉంటుంది, తప్పుగా.

ఈ మాట తెలిసి ప్రిన్సిపాల్ జయరామయ్య గారు, "ఉండనీండి మేడమ్, సార్ గుర్తు. అంత సూక్ష్మంగా ఎవరు చూస్తారు?" అన్నారు.

"ధరణి చూసింది కదా సార్."

అటెండరు ఈరప్ప తన ఉపాయం చెప్పాడు. "ఎందుకు మేడమ్ ఇంత యోచన? గోడకంతా సున్నం కొట్టిస్తే ఒగ గంటలో పోతాది."

"నీకు సున్నం తప్ప ఇంగేం తెలీదేమప్పా? పోయి స్టూలు తీసకరా. గీత ఆయనది, దాన్ని ముట్టను. గుర్తులు నావి. అవి మారిస్తే చాలు."

"పడితే మాత్రం నన్ననొద్దు మేడమ్. రిటైరయ్యే ముందు కాలిరిగితే సన్మానం ఆసుపత్రిలో చేయాల్సొస్తాది!"

సుగుణమ్మ గారి మోకాళ్ళ నొప్పి మాని, వారు ఇకపై కళాశాల గంట కోసం కాక కిటికీ పక్క సీటు కోసమే రైలెక్కాలనీ, చూపు చెదరక, చేయి వణకక నూరేళ్ళు నిండుగా జీవించాలనీ, మా సూదీ దారాల్లో లోపముంటే ఎప్పటికప్పుడు వచ్చి దిద్దుతూ ఉండాలనీ సహోద్యోగులమందరం మనసారా కోరుతున్నాం. ఈ సంచిక అచ్చుకు వెళ్ళే ముందు రోజు, ఈరప్ప స్టూలు పట్టుకుని ఉండగా, హనుమంతరాయుడు గారి సన్నని కుంచెతో వారు లోపలి వైపు గుర్తులను తెల్లరంగుతో మూసి, రెండు కొనల పేర్లూ మార్చి రాశారు. తరువాత కుంచెను ఎర్రరంగులో ముంచి, ఒక్క క్షణం ఆగి, కణద్రవ్యం వైపున మొదటి గుర్తు పెట్టారు.