కాలరు మూల

నువ్వు నేర్పిన మోకాలి కసరత్తులు చెప్పినట్టే చేశాను కదమ్మా! ఒక్క పూటైనా మానానా? ఇంకా నన్నేం చేయమంటావు?

వద్దు, ఫిజియోథెరపీకి వచ్చిన ప్రతిసారీలా అద్దం ముందుకి రమ్మనకు. ఆ రబ్బరు పట్టీ కూడా తియ్యకు. ముందు ఈ వేలు చూడు. కట్టు విప్పనక్కర్లేదులే, నేనే చెబుతాను. సూది గోటిలోంచి దిగి అవతలికి వచ్చింది. ఇన్నేళ్ళుగా కాలర్లు కుడుతున్నానా, ఆ మిషను నేను పెంచిన కుక్కలా ఉండేది. ఇవాళ కరిచింది.

కూర్చుంటాను, కూర్చుంటాను. కంగారు పడకు. నెత్తురు ఎప్పుడో ఆగింది.

నువ్వెప్పుడూ మా పని చూడలేదు గనక విను. మిషను బల్ల కింద, కుడి మోకాలికి ఆనుకుని ఒక పలక ఉంటుంది. మోకాలితో దాన్ని పక్కకి నెడితే, పైన గుడ్డని అదిమి పట్టే ఫుట్టు లేస్తుంది. చేతులు గుడ్డ వదలక్కర్లేదు. కాలరు మూల దగ్గర ప్రాణమంతా అక్కడే. సూది గుడ్డలో దిగి ఉండాలి. మోకాలు చటుక్కున నెట్టాలి, గుడ్డ తిరగాలి, మోకాలు వదిలెయ్యాలి. రెప్ప వాల్చి ఎత్తేలోగా అయిపోవాలి.

పైగా మిషను నడిపే పెడలు కూడా అదే కాలి కిందే! మోకాలు పని చేస్తుంటే పాదం ఊరుకోవాలి. ఒకింట్లో అత్తాకోడళ్ళలాగా, ఒకరు నోరు విప్పితే ఇంకొకరు మూసుకోవాలి. నా కాలిలో ఇన్నాళ్ళూ ఆ కాపురం గుట్టుగా సాగింది.

ఈమధ్యే కదా మోకాలికి ఈ నొప్పి పట్టుకుంది! పలక తగిలితే చాలు, ప్రాణం పోయినంత పనయ్యేది. నెడదామనుకునేలోపే తొడ కండ చేతులెత్తేసేది. నువ్వే అన్నావుగా, నొప్పికి జడిసి కండ ముందే పని మానేస్తుందని. ఎంత బాగా చెప్పావో అనుకున్నాను.

మరి నేర్పిందేమిటి? "మోకాలినే చూడండి. మెల్లగా నెట్టండి. అక్కడ ఆపండి. మెల్లగా వదలండి." అవునా, కాదా? పొయ్యి మీద ఎసరు పెట్టి చేశాను. బీరువా అద్దం ముందు చేశాను. మా ఆయన ఒకటే నవ్వు. "నీ మోకాలికి చెవులు మొలిచాయే! ఎక్కడో ఉన్న ఆ అమ్మాయి మాట వింటోంది. ఈ ఇంట్లో నా మాట వినేవాళ్ళే లేరు" అని. ఉబ్బసంతో మంచం దిగలేడు గానీ, ఆయన వేళాకోళానికి మాత్రం ఆయాసం లేదు.

నేర్చుకుంది తల్లీ. నా మోకాలు బాగా నేర్చుకుంది. అదే నా కొంప ముంచింది.

ఇవాళ కాలరు మూల దాకా వచ్చాను. అదేం చేసిందో తెలుసా? మెల్లగా నెట్టింది. అక్కడ ఆపింది! పాఠం అప్పజెప్పే పిల్లలా బుద్ధిగా ఆపింది. ఫుట్టు పైనే ఉండిపోయింది. గుడ్డ జారిపోతోంది. వదలవే, వదలవే అంటూ బల్ల కిందకి వంగి చూశాను. చూడమన్నావుగా మరి! నేను చూసేసరికి పాదం కంగారుపడి పెడలు తొక్కేసింది. పైన వేలు ఎక్కడుందో ఎవరు చూశారు?

అయ్యో, నువ్వు కళ్ళనీళ్ళు పెట్టుకుంటావేం! నిన్ను తిట్టడానికి రాలేదమ్మా.

రేపు పొద్దున్నే మా సూపర్‌వైజరు నా పక్కన నిలబడతాడు. "అక్కా, ఒక్క కాలరు నా ఎదురుగా కుట్టి చూపించు. రాకపోతే దారాలు కత్తిరించే బల్లకి వెళ్ళిపో. ఇంకో వేలు పోతే నన్నడుగుతారు" అన్నాడు. వాడికి సూదిలో దారం ఎక్కించడం నేర్పింది నేనే. అయినా వాణ్ణి తప్పు పట్టను. కానీ ఆ బల్ల దగ్గరవాళ్ళని ఇవాళ రమ్మంటారు, రేపు వద్దంటారు. మా ఇంట్లో పొయ్యి వెలిగేది నా కుర్చీని బట్టే. అక్కడ నా అసలు పేరు ఎవరికీ తెలీదు, అందరికీ కాలరక్కనే. కాలరు తీసేస్తే ఇంకేం మిగులుతాను?

అందుకని పరిగెత్తుకొచ్చాను. నువ్వేగా నేర్పావు. ఇప్పుడు మరిపించు.

అలా చూస్తావేం? నేర్పడం వచ్చినవాళ్ళకి మరిపించడం రాదా?

ఏమిటిది, దిండా? మోకాలి పక్కన, గోడకి ఆనించా? ఇదే పలక అనుకుని నెట్టాలా? సరే. ఈ తువ్వాలు దేనికి? ఓహో, ఇదే గుడ్డ అనుకుని మూలలు తిప్పాలా! తిప్పుతాను. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలా? మాటలకేం కరువమ్మా నా దగ్గర!

మా నాయనమ్మ ఒక కథ చెప్పేది. ఒక బండివాడి ఎద్దు దారిలో గుంటలో పడి కాలు విరగ్గొట్టుకుందట. కాలు అతుక్కుంది. కానీ ఆ చోటు రాగానే పక్కకి తప్పుకుని చుట్టూ తిరిగి వెళ్ళేది. ఊళ్ళోవాళ్ళు గుంట పూడ్చేశారు. మీద గడ్డి కూడా మొలిచింది. అయినా ఎద్దు చుట్టు తిరగడం మానదే! బండివాడు కొట్టాడు, తిట్టాడు, ముక్కుతాడు పట్టి లాగాడు. అతను లాగినకొద్దీ, ఇక్కడేదో ఉండబట్టే ఇంతలా లాగుతున్నాడని దాని భయం ఇంకా ముదిరింది. ఒకనాడు ఇంటికొస్తూ బండివాడు కునుకు తీశాడు. పగ్గం చేతిలోంచి జారింది. దూరాన కొట్టంలోంచి దాని జత ఎద్దు అరిచింది. ఆ అరుపు విని ఎద్దు తిన్నగా, ఆ గడ్డి మీంచే...

ఏమిటమ్మా, నా మోకాలికేసి అలా చూస్తున్నావు?

చటుక్కున నెట్టి వదిలేసిందా! ఎప్పుడు? నేను కథ చెబుతుంటేనా? తువ్వాలు తిప్పిన ప్రతిసారీనా? నా మీద ఒట్టు వెయ్యి!

ఉండు ఉండు, మళ్ళీ చేస్తాను. ఇదిగో... ఇదిగో చూడు...

రాలేదు. చూస్తే రావట్లేదమ్మా! మళ్ళీ అదే మెల్లగా, అదే ఆపడం.

అంటే రేపు నేను మోకాలి ఊసే మరిచిపోవాలా? గడియారం పట్టుకుని వాడు నిలబడతాడు. లైనంతా మెడలు చాచి చూస్తుంది. నేనేమో దాన్ని తలుచుకోకూడదు! కోతిని తలుచుకోకుండా మందు తాగమన్నట్టుంది నీ వైద్యం.

ఏమంటావు? ఎక్కడ నొప్పి అనా? ఇక్కడ నొక్కితేనా?

నొక్కు. భయం లేదు, ఇంకా గట్టిగా నొక్కు.

ఏమీ లేదు తల్లీ. నొప్పి లేదు. నీ చేతి చలవ, ఎప్పుడో పోయింది. మా ఆయనకి చెప్పలేదు. ఫ్యాక్టరీలో చెప్పలేదు. నీకూ చెప్పలేదు, ఇవాళ కూడా మెట్ల మీద కుంటుతూనే వచ్చాను. నొప్పి ఉన్నన్నాళ్ళూ తప్పు మోకాలిది. నొప్పి పోయాక కూడా ఆ మూల తిరక్కపోతే, ఆ తప్పు నేనెవరి మీదకి తొయ్యను?

రేపు కాలరు పాడైతే, నా మోకాలి సంగతి అడగడానికి మా సూపర్‌వైజరు నీకు ఫోన్ చేస్తాడు. ఇంకా నొప్పి ఉందని చెప్పవూ? నొప్పి అంటే కొన్నాళ్ళు ఆగుతారమ్మా. చేతకాలేదంటే ఎవరాగుతారు?